నలభై ఏళ్ల యెజ్డీ... కొననా, మాననా?

రేపల్లెలో ఎవరింట్లోనో పాత యెజ్డీ మోటార్ సైకిలు అమ్మకానికి ఉందట, ఆదివారం వెళ్లి చూసొస్తాను అని నేను చెప్పిన రోజు మా ఇంట్లో అందరూ ఒకటే మాట అడిగారు. “ఎందుకూ?” అని.

మావారు పేపర్లోంచి తల ఎత్తకుండా అడిగారు. మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్లో అడిగింది. పనమ్మాయి అంట్లు తోముతూ అడిగింది. మా అత్తగారు మాత్రం అలా అడగలేదు. “అబ్బాయి కోసమా?” అన్నారు. మాకు అబ్బాయి లేడు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. కానీ మోటార్ సైకిలంటే ఎక్కడో ఒక అబ్బాయి ఉండి తీరాలని ఆవిడ లెక్క.

నాకు యాభై మూడేళ్లు. గుంటూరులో లెక్కల టీచర్ని. పద్దెనిమిదేళ్లుగా స్కూటీ నడుపుతున్నాను. అది చక్కగానే ఉంది. మరి ఎందుకూ అంటే నాకూ ఆ రోజు జవాబు దొరకలేదు. “ఊరికే, చూడ్డానికి” అన్నాను. నగల షాపుకి వెళ్లేటప్పుడు కూడా మనం ఇదే మాట అంటాం కదా!

ప్లగ్గు నాది, బండి తమ్ముడిది

మా నాన్నగారు వ్యవసాయ శాఖలో పనిచేసేవారు. పొద్దున వెళ్లి ఏ ఊళ్లో పొలాలు చూసినా, సాయంత్రం ఆయన వీధి మలుపు తిరక్క ముందే మాకు తెలిసిపోయేది. యెజ్డీ చప్పుడు అలాంటిది. రెండు సైలెన్సర్ల లోంచి, ఇత్తడి బిందె మీద గరిటెతో కొట్టినట్టు ఖంగుమంటూ వచ్చేది. అమ్మ కాఫీ డికాక్షను ఆ చప్పుడు విన్నాకే వేడి చేసేది.

బండి మొరాయించినప్పుడల్లా నాన్నగారికి సాయం నేనే. టార్చిలైటు పట్టుకునేదాన్ని. ప్లగ్గు విప్పి ఇస్తే గరుకు కాగితంతో మసి గీకి, ఊది, తిరిగి ఇచ్చేదాన్ని. పాయింట్ల మధ్య ఎడం చూడ్డానికి ఆయన బ్లేడు వాడేవారు. ఆ బ్లేడు దాచే బాధ్యత కూడా నాదే. 1989 వేసవిలో తమ్ముడికి పదిహేనేళ్లు. నాకు పదిహేడు. నాన్నగారు వాడిని పోలీసు గ్రౌండుకి తీసుకెళ్లి బండి నేర్పారు. నేను అరుగు మీద కూర్చుని, వాళ్లు తిరిగొచ్చే చప్పుడు విన్నాను. నాక్కూడా నేర్పమని అడిగితే నాన్నగారు కోప్పడలేదు. నవ్వారు. కోప్పడితే పోట్లాడేదాన్నేమో, నవ్వేసరికి ఏమీ చేయలేకపోయాను. 1991లో నా పెళ్లి ఖర్చులకి ఆ బండి అమ్మేశారు. ఎనిమిది వేలొచ్చింది. పందిరికీ, లైటింగుకీ సరిపోయింది.

కాబట్టి మొన్న మా కొలీగు ఒకావిడ, “మా పిన్ని వాళ్ల పక్కింట్లో పాత యెజ్డీ ఉంది, ఆయన పోయారు, ఆవిడ అమ్మేస్తుందట” అని చెప్పగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయంటే ఆశ్చర్యమేముంది?

ఈ బండి సంగతి తెలియని చిన్నవాళ్ల కోసం నాలుగు మాటలు. జావా అనేది చెకొస్లొవేకియా కంపెనీ. 1929లో మొదలైంది. జానెచెక్ అనే ఆయన పేరులో మొదటి ముక్కా, వాండరర్ అనే జర్మన్ బండి పేరులో మొదటి ముక్కా కలిపి జావా అయింది. మన దేశంలో ఆ బండ్లు తయారు చేయడానికి పార్సీ కుటుంబానికి చెందిన రుస్తుం ఇరానీ మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టారు. 1961 నుంచి బండ్లు రావడం మొదలైంది. డెబ్బైలలో పేరు యెజ్డీగా మారింది. ఇరాన్‌లోని యజ్ద్ ఊరి పేరు మీద పెట్టారంటారు. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అంటే ఇవాళ మీకు కనిపించే పాత యెజ్డీ ఏదైనా కనీసం ముప్పై ఏళ్ల నాటిది. 2022లో అదే పేరుతో కొత్త బండి వచ్చింది కానీ అది 334 సీసీ, నాలుగు స్ట్రోకులది, నీళ్లతో చల్లబడే ఇంజను. పేరు ఒకటే, ప్రాణం వేరు. “అంత ఇష్టమైతే ఆ కొత్తది కొనుక్కో మమ్మీ” అంది మా అమ్మాయి. ధర రెండు లక్షల దాకా చెప్పింది. నా చేతిలో ఉన్నది చీటీ పాడుకోగా వచ్చిన 92 వేలు. ఆ డబ్బు మీద అప్పటికే మావారి ఫ్రిజ్జు కన్నుంది.

ఒంటరిగా వెళ్లకండి

సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి మనవాళ్లు సాధారణంగా బావగారినో, పక్కింటి కుర్రాణ్నో వెంటబెట్టుకెళతారు. నేను మెకానిక్‌ని తీసుకెళ్లాను. మా వీధి చివర షెడ్డులో ఉండే భాయి. అరవై అయిదేళ్లుంటాయి. పాత టూ స్ట్రోకు బండ్లంటే ఆయనే. ఆదివారం షెడ్డు మానేసి వస్తున్నందుకు వెయ్యి రూపాయలిచ్చాను, టికెట్లు నేనే తీశాను. తెనాలి మీదుగా రేపల్లె ప్యాసింజర్లో కూర్చున్నాక భాయి నాకో మాట చెప్పాడు. “మేడం, అక్కడికి పోయాక మీకు నచ్చినట్టు మొహంలో కనపడనీకండి. నేను పెదవి విరుస్తా. మీరూ విరవండి.” నేను సరేనన్నాను.

ఏం లాభం! వాకిట్లో రేకుల కింద, పాత దుప్పటి తీసేసరికి ఎర్ర రంగు టాంకు, దాని పక్కన క్రోమియం పలక కనిపించింది. ‘అబ్బ!’ అనేశాను. భాయి నా వంక చూసి నిట్టూర్చాడు.

ఆ ఇంటావిడకి డెబ్బై దగ్గర పడుతుంది. ఆయన రైసు మిల్లులో గుమాస్తాగా చేసేవారట. 2021లో పోయారు. కొడుకు బెంగుళూరులో, కూతురు రాజమండ్రిలో. పాత ఇనుము వాడు తొమ్మిది వేలిస్తానన్నాడట. విజయవాడ నుంచి ఒక కుర్రాడొచ్చి పాతిక వేలు చెప్పి, మళ్లీ రాలేదట. “మా వాడు ఫోన్లో రేట్లు చూసి, నలభై అయిదుకి ఒక్క రూపాయి తగ్గించొద్దన్నాడమ్మాయ్” అంది. ఫోన్లో కనిపించేవి తళతళా మెరుస్తూ, రోడ్డు మీద తిరిగే బండ్ల రేట్లు. మన ముందున్నది నాలుగేళ్లుగా కదలనిది.

భాయి బండి దగ్గరికి పోగానే ఇంజను ముట్టుకుంటాడనుకున్నాను. ముట్టుకోలేదు. “ఆర్సీ ఉందామ్మా?” అని అడిగాడు. ఆవిడ ట్రంకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. ఫ్రేము మీదా, ఇంజను మీదా ఉన్న నంబర్లు ఆర్సీలో నంబర్లతో కలవాలి. కలవకపోతే అది బండి కాదు, విడి భాగాల మూట. ఇంకా చెడితే దొంగ బండి. ఫ్రేము నంబరు కలిసింది. ఇంజను నంబర్లో చివరంకె ఆర్సీలో ఎనిమిది, ఇంజను మీద మూడులా ఉంది. నా గుండె జారింది. భాయి తొందరపడలేదు. ఆవిణ్ని అడిగి గుడ్డముక్కా, కాస్త కిరసనాయిలూ తెప్పించి, గడ్డకట్టిన జిడ్డు తుడిచాడు. అక్కడ కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి బొమ్మ తీసేవాళ్లం చూడండి, అలాగ. ఎనిమిది తేలింది.

ఆ తర్వాత పరీక్షలు మొదలయ్యాయి. మీరెవరైనా పాత బండి చూడ్డానికి వెళితే పనికొస్తాయని రాస్తున్నాను. పెట్రోలు మూత తీసి, ఫోను లైటు వేసి టాంకులోపల చూశాడు. అడుగున ఎర్రటి తుప్పు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తోంది. అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. వాడకుండా పడున్న టాంకులో నీరు అడుగుకి చేరి ఇనుమును తింటుంది. పాత బండ్ల రబ్బరు గొట్టాలూ, వాషర్లూ కూడా దానికి తట్టుకోవు. వాటన్నిటినీ ఎలాగూ మార్చాల్సిందే.

కిక్కు మెల్లిగా కిందకి నొక్కి చూశాడు. ఎదురు ఒత్తిడి ఉంది కానీ బలంగా లేదు. అంటే పిస్టను, బోరు అరిగాయి. ముందు చక్రం కాళ్ల మధ్య ఇరికించుకుని హ్యాండిల్ అటూ ఇటూ ఊపాడు, వదులు ఉందేమోనని. వెనక కూర్చుని, ఒంగి, రెండు చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయా అని చూశాడు. ఫ్రేము మెడ దగ్గర వెల్డింగు చేసిన మచ్చ ఉందేమో వేలితో తడిమాడు. లేదు. “ఇంజను ఎంత పోయినా చేసుకోవచ్చు మేడం, ఫ్రేము వంకరైతే మాత్రం వద్దని చెప్పేస్తా” అన్నాడు. సైలెన్సర్ల చివర్న వేలు పెట్టి చూపించాడు. వేలంతా నల్ల జిడ్డు. టూ స్ట్రోకులో ఆయిలు పెట్రోలుతో కలిసే కాలుతుంది కాబట్టి సైలెన్సర్లో మసి పేరుకుంటుంది. లోపలి గొట్టాలు బయటికి తీసి శుభ్రం చేసే వీలు ఈ బండికి ఉంది. చాలామంది కుర్రాళ్లు చప్పుడు కోసం వాటిని తీసి పారేసేవారు. వీటిలో రెండూ పదిలంగా ఉన్నాయి. రైసు మిల్లు గుమాస్తా గారు చప్పుడు కోసం బండి నడపలేదన్నమాట.

ఆయన రాసుకున్న పుస్తకం

“ఇంతకు ముందు ఎన్నిసార్లు బోరు చేయించారో తెలుసామ్మా?” అని భాయి అడిగాడు. అరిగిన సిలిండరును లేతు మీద కాస్త వెడల్పు చేసి, దానికి తగ్గ పెద్ద పిస్టను వేస్తారు. దాన్నే బోరు చేయించడమంటాం. అలా ఎన్నిసార్లంటే అన్నిసార్లు కుదరదు. లోహం పల్చబడిపోతుంది. ఆ తర్వాత కొత్త స్లీవు వేయించాలి, లేదా వేరే సిలిండరు వెతుక్కోవాలి.

అమ్మేవాళ్లు ఈ ప్రశ్నకి సాధారణంగా “ఒక్కసారేనండీ” అంటారు. ఆవిడ లోపలికి వెళ్లి పొడవాటి లెక్కల పుస్తకం ఒకటి తెచ్చింది. మిల్లులో వాడే రకం. 1984లో బండి కొన్న రోజు నుంచి ఆయన రాసుకున్నవి అన్నీ ఉన్నాయి అందులో. ఏ తేదీన ఎంత పెట్రోలు, ఎంత ఆయిలు, పంక్చరు ఎక్కడ పడింది, క్లచ్ ప్లేట్లు ఎప్పుడు మార్చారు. బోరు మూడుసార్లు. 1991లో, 1999లో, 2011లో. ఆ పేజీ ఆవిడే వేలు పెట్టి చూపించింది.

ఆ మూడు తేదీలు చూపించడం వల్ల తన బండి విలువ తనే తగ్గించుకుంటోందని ఆవిడకి తెలియదని నేననుకున్నాను. తెలుసు. “మూడయ్యాయి, ఇంకోటి ఆగుతుందో లేదో అని మా ఆయన అనేవారు. చూసుకోండి మరి” అంది.

భాయి నన్ను పక్కకి పిలిచి, “ఇరవైకి అడగండి” అని గొణిగాడు. ఇరవైకి ఇచ్చేసేదేమో కూడా. కానీ నాకు నోరు రాలేదు. భాయి దగ్గర కాగితం తీసుకుని, ఆయన చెబుతుంటే ఖర్చంతా ఆవిడ ఎదురుగానే రాశాను. లెక్కల టీచర్ని కదా, ఆ పని నాకు బాగా వచ్చు. బోరూ పిస్టనూ 5,500. క్రాంకు విప్పి కిట్టు వేయడానికి 4,000. బేరింగులూ, ఆయిలు సీళ్లూ 2,500. వైరింగు మొత్తం 3,000. టైర్లూ ట్యూబులూ 4,500. టాంకు కడగడానికి 1,500. చెయిను, పళ్ల చక్రాలు 2,500. క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు 3,000. బ్యాటరీ 1,000. కూలి 8,000. మొత్తం ముప్పై అయిదున్నర వేలు. “విప్పాక ఇంకో పది కలుపుకోండి. విప్పకుండా చెప్పినోడెవడూ నిజం చెప్పడు” అన్నాడు భాయి. రంగు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

సామాన్లు దొరుకుతాయా అని మీరు అడగొచ్చు. ఫ్యాక్టరీ మూతపడినా మైసూరు, బెంగుళూరుల్లో ఈ బండ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు ఎక్కువ. అక్కడ కొత్తగా చేసిన విడి భాగాలు కూడా దొరుకుతాయి. చెన్నై పుదుపేట, మన విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉన్నాయి. దొరకడం కష్టం కాదు, మంచివి దొరకడం కష్టం. ముఖ్యంగా ఆయిలు సీళ్లు. అవి నాసిరకమైతే గేరు బాక్సులోని ఆయిలు ఇంజనులోకి పోయి తెల్లటి పొగ కక్కుతుంది.

ఆవిడ నా కాగితం చూసి, కళ్లజోడు సవరించుకుని, కూడిక సరిచూసుకుంది. “ముప్పై రెండు ఇవ్వమ్మాయ్. మా వాడికి నేను చెప్పుకుంటా” అంది. బేరం అయిపోయింది. బండి మాత్రం ఇంకా నాది కాలేదు.

అసలు చిక్కు కాగితాల్లో

పెట్రోలు బండి రిజిస్ట్రేషను పదిహేనేళ్లకి. తర్వాత ప్రతి అయిదేళ్లకీ పొడిగించుకోవాలి. ఈ బండి 1984ది. ఆయన 1999 నుంచి అయిదేసి ఏళ్లకి తప్పకుండా చేయిస్తూ వచ్చారు. చివరిది 2019లో. అది 2024లో అయిపోయింది. అప్పటికి ఆయన లేరు. ఆర్సీ ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది.

“వింటేజి బండి కదా, ప్రత్యేకం ఏదో ఉంటుందటగా” అన్నారు మావారు, పేపర్లో చదివింది గుర్తు చేసుకుని. అది 2021లో వచ్చిన రూలు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకే. కొత్తగా రిజిస్టరు చేయించడానికి ఫీజు ఇరవై వేలు. రోజూ తిరగడానికి వాటిని వాడకూడదు కూడా. మనం ముచ్చటపడి ఎన్ని పేర్లు పెట్టుకున్నా, చట్టం లెక్కలో నలభై ఒక్కేళ్ల యెజ్డీ వింటేజి కాదు, ఉత్త పాత బండి. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన మోటార్ సైకిళ్లకి రెన్యువల్ ఫీజు రెండు వేలు చేశారు. గడువు దాటాక ఆలస్యమైన ప్రతి నెలకీ 300 అనే రూలు 2022 ఏప్రిల్ నుంచి ఉంది. దాని మీద గ్రీన్ టాక్సు. అందుకే ఆఫీసులో ఎంతవుతుందో అడక్కుండా ఎవరితోనూ ధర ఖాయం చేసుకోకండి. నేను చేసుకున్నాను. తర్వాత పది వేలు విడిగా తీసి పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆఫీసులో మాకు చెప్పిన వరస ఇది. యజమాని చనిపోతే ముందు ఫారం 31 పెట్టి బండి వారసుల పేరు మీదకి మార్చాలి. మరణ ధ్రువపత్రం కావాలి, కొడుకూ కూతురూ అభ్యంతరం లేదని రాసివ్వాలి. తర్వాత బండిని అక్కడికి తెచ్చి చూపించి రెన్యువల్ చేయించాలి. ఆ పైన ఆవిడా నేనూ ఫారం 29, 30 మీద సంతకాలు పెడితే నా పేరుకి మారుతుంది.

ఇక్కడే ముడి పడింది. చూపించాలంటే బండి నడవాలి. నడవాలంటే నలభై అయిదు వేలు పెట్టి బాగు చేయించాలి. అప్పటికి బండి ఇంకా నాది కాదు. బాగు చేయించాక రెన్యువల్ కాకపోతే? కొడుకు మనసు మారి, మెరుస్తున్న బండి చూసి, తొంభై వేలకి తక్కువ ఇవ్వనంటే? మావారు వారం రోజులు ఈ రెండు ప్రశ్నలే అడిగారు. ఆయన అడిగింది తప్పని నేనననే అనను. ఎవరైనా నా దగ్గరికొచ్చి ఇదే కథ చెబితే, “మానెయ్యి తల్లీ” అనేదాన్ని.

మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. ఫ్రిజ్జు కొనుక్కుంటే గ్యారంటీ కార్డుతో సహా ఇంటికొస్తుంది. ఇదేమో డబ్బు పోసి బాగు చేయించినా ఎవరిదవుతుందో తెలియదు. అదీగాక నా మోకాళ్లు. కుడి మోకాలు చలికాలంలో పలుకుతుంది. 140 కిలోల దాకా ఉండే బండిని నేను నిలబెట్టగలనా? స్కూటీ వేరు, ఇది వేరు.

సరే, ముందు నా సంగతి తేల్చుకుందామని సాయంత్రం భాయి షెడ్డుకి వెళ్లాను. అక్కడ రిపేరుకొచ్చిన ఇంకో యెజ్డీ ఉంది. యెజ్డీలో తమాషా ఏమిటంటే కిక్కూ గేరూ ఒకటే లివరు, ఎడమ వైపు. దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, స్టార్టయ్యాక యథాస్థానంలో పెడితే గేరు. నలభై ఏళ్ల కిందట చూసింది నా చేతికి గుర్తుందో లేదో అనుకున్నాను. ఉంది. బండి స్టాండు మీదే ఉంచి, ఎడం కాలితో మొదటిసారి తన్నాను, పలకలేదు. రెండోసారి పలకలేదు. షెడ్డులో కుర్రాళ్లిద్దరూ పని ఆపి చూస్తున్నారు. మూడోసారి పట్టింది. ఆ చప్పుడుకి నా ఒళ్లు ఝల్లుమంది. టూ స్ట్రోకు కాబట్టి కిక్కు బుల్లెట్టంత బరువుగా ఉండదు, అంతగా ఎదురు తన్నదు. స్టాండు దించి నిలబెట్టడం మాత్రం కష్టమే అయింది. భాయి పట్టుకోకపోతే పడేసేదాన్ని. “పది రోజులు షెడ్డుకి రండి మేడం, ఎత్తడం, దించడం నేర్పిస్తా. అది బలం కాదు, కిటుకు” అన్నాడు.

చెయిను మొత్తం డబ్బాలో మూసి ఉంటుంది కాబట్టి చున్నీ చెయిన్లో పడే భయం లేదు. చక్రం పుల్లల్లో పడే భయం మాత్రం ఏ బండికైనా ఉంటుంది, అది మర్చిపోకండి. ఇంకొకటి, స్కూటీ లైసెన్సుతో ఇది నడపకూడదు. మనలో చాలామందికి ఉన్నది గేర్లు లేని బండి లైసెన్సు. గేర్ల బండికి మళ్లీ ఎల్ఎల్ఆర్ తీసుకుని టెస్టు ఇవ్వాలి. యాభై మూడేళ్ల వయసులో, నా దగ్గర చదువుకున్న పిల్లల పక్కన నిలబడి ఎనిమిది అంకె వేయాలి.

ఆ రాత్రి మావారు మళ్లీ “ఎందుకూ?” అన్నారు. ఈసారి విసుగ్గా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగారు. “మీ నాన్నగారి జ్ఞాపకమా? అయితే దాని ఫోటో ఒకటి పెద్దది చేయించి గోడకి పెట్టుకుందాం” అన్నారు. నేనూ అప్పటిదాకా అదే అనుకుంటున్నాను. కానీ షెడ్డులో కిక్కు కొట్టినప్పుడు నాకు నాన్నగారు గుర్తు రాలేదు. “నడపాలనుందండీ” అన్నాను. “అంతేనా?” అన్నారు. “అంతే.” 1982లో ఎల్స్‌పెత్ బియర్డ్ అని లండన్ అమ్మాయి, ఇరవై మూడేళ్లది, 1974 నాటి సెకండ్ హ్యాండ్ బి.ఎం.డబ్ల్యు. మోటార్ సైకిలు మీద ఒంటరిగా ప్రపంచం చుట్టి 1984లో తిరిగొచ్చింది. ఆ సంగతి ఆయనకి చెప్పాను. “నువ్వు ఎక్కడిదాకా వెళతావు?” అన్నారు. “అమరావతి దాకా. మీరు వెనక కూర్చుంటే ఇంకొంచెం దూరం.” ఆయన పేపరు మడిచి పెట్టారు. మర్నాడు ఆయనే వంద రూపాయల స్టాంపు పేపరు తెచ్చారు.

ఒప్పందం ఎలా రాసుకున్నామంటే, నేను పది వేలు అడ్వాన్సు ఇస్తాను. ఫారం 31తో బండి ఆవిడ పేరుకి మారాకే నేను దాన్ని గుంటూరు తెచ్చి బాగు చేయిస్తాను. రెన్యువల్ అయిన రోజు మిగతా ఇరవై రెండు వేలు ఇస్తాను. కాకపోతే అడ్వాన్సు ఆవిడ తిరిగిస్తుంది, రిపేరు ఖర్చు నా నష్టం. పిల్లలిద్దరూ సాక్షి సంతకాలు పెట్టాలి. కొడుకు బెంగుళూరు నుంచి వచ్చి పెట్టాడు. మంచివాడే. కాగితం చదివి, “రిపేరు నష్టం మీకే ఎందుకు, సగం మేం భరిస్తాం” అన్నాడు. ఆ వాక్యం కొట్టేసి, సగం అని రాసుకున్నాం.

ఆఫీసుకి ఆవిడతో నేనే రెండుసార్లు వెళ్లాను. కొత్త కార్డు ఆవిడ పేరుతో వచ్చిన రోజు చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇల్లు ఆయన పేరు మీద, పొలం కొడుకు పేరు మీద. డెబ్బై ఏళ్లకి తన పేరున రాసిన మొదటి ఆస్తి ఇదేనట, అదీ నాలుగు నెలలకి నాకిచ్చేయడానికి. ‘మనసు మారిందేమో’ అని నాకు భయమేసింది. “ఒక్క నెల నా దగ్గరే ఉండనీ అమ్మాయ్, కార్డు” అంది. బండి కాదు, కార్డు. ఉండనిచ్చాను.

ట్రాలీ ఆటోలో బండి గుంటూరు వచ్చింది. రిజిస్ట్రేషను లేకుండా రోడ్డు మీద నడపకూడదు కదా. ఇప్పుడు భాయి షెడ్డులో ముక్కలు ముక్కలుగా విప్పి ఉంది. బోరు నాలుగోసారి ఆగుతుందని లేతు ఆయన కొలిచి చెప్పాడు. క్రాంకు మాత్రం అనుకున్న దానికంటే రెండు వేలు ఎక్కువ అడిగింది. నేను స్కూలు నుంచి వస్తూ దారిలో ఆగి, పాయింట్లు గీకి వస్తున్నాను. వద్దన్నా వినడంలేదని భాయి ఆ పని నాకే వదిలేశాడు. గుమాస్తా గారి లెక్కల పుస్తకం కూడా ఆవిడ నాకే ఇచ్చింది. 2021 ఫిబ్రవరితో ఆగిన పేజీ తర్వాతి పేజీలో తేదీ వేసి, బోరు ఖర్చు రాశాను. నా ఎల్ఎల్ఆర్ వచ్చింది.

మొన్న తమ్ముడు అమెరికా నుంచి ఫోను చేశాడు. “అక్కా, వేసవికి వస్తున్నా. బండి నాకొక రౌండు ఇస్తావా?” అన్నాడు.

“ప్లగ్గు శుభ్రం చేసిపెట్టు, ఇస్తాను” అన్నాను.